కాశప్ప పాతర

ఆదోని నుంచి ఎమ్మిగనూరు పొయ్యే దోవలో, మూతపడిన పత్తి జిన్నింగు మిల్లు ఎనకాల ఉంది కాశప్ప పాతర. పొద్దు మునిగితే ఆ పక్కకు కుక్క గూడా పోదు. నేను చూసింది కాదు, మాయమ్మ చెప్పింది. నమ్మితే నమ్మండి, ల్యాకుంటే మీ ఇష్టం.

పాతరంటే జొన్నలు దాచే గుంత. మూసిపెడితే లోపల గాలి చెడిపోతాది. అందుకే దిగే ముందు తాడు కట్టి దీపం దించుతారు. దీపం ఆరితే దిగగూడదు.

"దీపం దించినావా?" అని ఒక పొద్దు కాశప్ప పెండ్లాం ఎల్లమ్మ పైన నిలబడి అడుగుతానే ఉంది. "ఊరికే ఉండు" అని కాశప్ప దీపం దించకుండానే జొన్నలకు దిగినాడు. మళ్ళా పైకి రాలేదు.

ఏడాది తిరిగినాక, ఎనభై మూడులోనో ఏమో, ఆ పాతరలో మూలుగు మొదలైంది. సన్నగా లేసి, లావుగా సాగి... ఆగిపొయ్యేది.

ఎల్లమ్మ చెవిన పడింది. "నా మొగుడు పిలుస్తాండాడు" అని చీకట్లో ఒక్కతే పోయింది. పిచ్చిది! ఎవురికన్నా చెప్పి పోవచ్చు గదా.

మూత తీసే ఉంది. లోపల మూలుగుతానే ఉంది. అంచున కూచోని కాళ్ళు లోపలికి పెట్టింది.

"వస్తాండానయ్యా..."

మూలుగు ఆగింది.

"దీపం దించినావా?" — లోపల్నుంచి, మెల్లగా.

ఎల్లమ్మ దిగబోయేది ఆగింది. అంతలోకే మిల్లు గోడ ఎనకనుంచి ఎవురో ఉరికొచ్చి, రెక్క పట్టి బయటికి లాగినారు. చూస్తే మైకుసెట్ల పీరా సాబ్! మెడలో గిటారు.

"మాఫ్ చెయ్యమ్మా" అని చెప్పినాడు. పెండ్లిళ్ళలో గిటారు వాయించేటోడు. బళ్ళారిలో ఆర్కెస్ట్రావాళ్ళ పెద్ద స్పీకరు పెట్టె మోత విన్నప్పట్నుంచి వానికి అదే పిచ్చి. తన స్పీకరేమో రేకు డబ్బా మాదిరి గీపెట్టేది. కడవలో పెట్టి చూసినాడు, గాదెలో పెట్టి చూసినాడు. ఆఖరికి ఈ పాతరలోకి తాడుతో దించి, వైరు లాక్కోని గోడ ఎనకాల కూచోని వాయిస్తే... అచ్చం ఆ మోతే వచ్చిందంట.

"నీ మోత మన్నుగాను! నా మొగుడనుకుంటి కదరా!" ఎల్లమ్మ తిట్టింది, ఏడ్చింది. కొంగుతో ముక్కు తుడుచుకోని, "పోనీలే. దీపం మాటన్నా అడిగితివి. లేకుంటే దిగేసి ఉందును" అనింది.

పీరా సాబ్ బిత్తరపోయినాడు.

"నేనేం అడగలేదమ్మా... ఈ పొద్దు నేను మైకే తేలేదు."

ఇద్దరూ పాతర దిక్కు చూసినారు. పీరా సాబ్ తన లాంతరుకు తాడు కట్టి దించినాడు. స్పీకరు కనపడకముందే... ఆరిపోయింది.

ఎల్లమ్మ ఆడనే కూలబడి, "ఆ పొద్దు నేనడిగితే ఇనకపోతివి కదయ్యా" అని తెల్లారిందాకా ఏడ్చిందంట.

స్పీకరు ఇంకా ఆడనే ఉంది. తీసుకొచ్చేదానికి పీరా సాబ్ మళ్ళా పోలేదు.