తొక్క మందమున్న పండు

మట్టిని చూసి ముక్కు మూసుకునేవాళ్ళంటే నాకు ఒళ్ళు మంట. నర్సరీ నడుపుకునేవాడికి ఆ మాత్రం పౌరుషం లేకపోతే ఎలా?

ఆ అమ్మాయి నా గేటు దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. ముఖానికి మాస్క్, చేతులకు గ్లవ్స్. లోపలికి అడుగు పెట్టకుండా "అది", "ఆ పక్కది" అంటూ వేలితో మొక్కలు చూపిస్తోంది. నేను మర్యాదగా ఒక కుండీ ఎత్తుకుని దగ్గరికి వెళ్తే, పామును పట్టుకొచ్చినట్టు రెండడుగులు వెనక్కి వేసింది.

"అక్కడే ఉండండి. ఇక్కణ్ణుంచి కనిపిస్తోంది," అంది.

"కనిపిస్తే చాలనుకుంటే ఫోన్లో బోలెడు ఫొటోలున్నాయి కదండీ! మట్టంటే అంత అసహ్యం ఉన్నప్పుడు నర్సరీకి రావడం దేనికి?"

"మట్టంటే నాకిష్టమే. నేనంటేనే దానికి పడదు."

"అబ్బో, డైలాగ్ బాగుంది. ఇంట్లో ప్రాక్టీస్ చేసి వచ్చారా?"

ఆ అమ్మాయి నా వైపు తేరిపార చూసింది. "నాకు లివర్ మార్చారండీ. ఇంకొకళ్ళ లివర్ కదా, నా ఒళ్ళు దాన్ని బయటికి తరిమేయాలని చూస్తుంది. తరమకుండా జీవితాంతం మందులు వేసుకోవాలి. ఆ మందులు వేసుకుంటే రోగాలతో పోట్లాడే శక్తి తగ్గిపోతుంది. మీ కుండీలో బూజు మీకు తుమ్ము తెప్పిస్తే నాకు ఐసీయూ తెప్పిస్తుంది. చాలా, ఇంకా చెప్పాలా?"

చేతిలో కుండీని ఏం చేయాలో తోచక గభాలున వీపు వెనక దాచాను. అంత కుండీ దాగుతుందా? మొక్క నా చెవి పక్కనుంచి తొంగి చూస్తోంది. తను ఫక్కున నవ్వింది. మాస్క్ ఉన్నా ఆ కళ్ళు నవ్వడం చక్కగా తెలిసిపోయింది.

"సారీ అండీ," అన్నాను.

"సారీ నాకెందుకు? పని చేసి పెట్టండి. ఎదురుగా బేకరీ మాదే. కేకుల మీద పేర్లు రాసేది నేనే. నా టేబుల్ పక్కన కిటికీ ఉంది. దాని బయట మొక్కలు పెట్టాలి. రోజూ మీరే వచ్చి నీళ్ళు పోయాలి. నేను లోపలి నుంచి చూసుకుంటాను."

నాలుగు మొక్కలు అమ్ముకుని రోజూ నీళ్ళు పోయడమా? ఇంకెవరైనా అడిగి ఉంటే చేతులెత్తి దండం పెట్టేవాణ్ణి. తనని మాత్రం, "పొద్దున్నా సాయంత్రమూనా?" అని అడిగాను.

బేకరీ తన అన్నయ్యది. మోచేతుల దాకా పిండితో ఆయన బయటికి వచ్చి, నేను కుండీలు సర్దుతుంటే నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"మొక్కలు బయట. అది లోపల. మధ్యలో అద్దం. అర్థమైందా బాబూ?"

"అర్థమైంది సార్."

"దానికి లివర్ ఇచ్చింది నేనే. నా వస్తువు దాని దగ్గరుంది. దాని మీద ఎవరైనా తుమ్మినా ఊరుకోను."

"అన్నయ్యా, నేను మనిషినా, నీ లాకర్‌నా?" అంది లోపలి నుంచి తను.

"నోర్ముయ్, మాస్క్ పైకి లాగు."

అలా మొదలైంది. పొద్దున్నే నీళ్ళడబ్బాతో వెళ్ళేవాణ్ణి. అన్నయ్య పొయ్యి దగ్గర ఉన్నప్పుడు తను కిటికీ రెక్క కాస్త తెరిచేది. నేను తనని "మాస్క్ మేడమ్" అనేవాణ్ణి. తను నన్ను "మట్టిగారూ" అనేది. వాన కురిసే రోజు కూడా నేను నీళ్ళడబ్బా పట్టుకుని ప్రత్యక్షమయ్యేసరికి తను అద్దానికి నుదురు ఆనించి ఒకటే నవ్వు.

"వానలో నీళ్ళు పోయడం ఏం టెక్నిక్ అండీ?"

"డ్యూటీ అంటే డ్యూటీ."

"తడిసిపోతున్నారు."

"మొక్కలు తడుస్తున్నాయిగా, తోడు."

ఆ రోజే మాస్క్ లేకుండా మొదటిసారి చూశాను. చెంపలు గుండ్రంగా బూరెల్లా ఉన్నాయి. నేను చూస్తూ ఉండిపోయాను.

"మురిసిపోకండి. ఆ బుగ్గలు నావి కావు, స్టెరాయిడ్లవి. డోసు తగ్గిస్తే పోతాయి."

"పోనీండి. మిగతా ముఖం మీదేగా?"

తను కిటికీ మూసేసింది. మూసేశాక అద్దం వెనక నిలబడి చాలాసేపు కేకు వంక చూసింది కానీ, ఏమీ రాయలేదు. నేను నర్సరీకి ఎలా చేరానో నాకు గుర్తు లేదు.

మా నర్సరీ వెనక పంపరపనస చెట్టు ఉంది. ఆ ఏడు విరగకాసింది. ఒక పండు కిటికీ దగ్గర చూపించి అడిగాను.

"ఇలాంటివి మీరు తినొచ్చా?"

"తొక్క మందంగా ఉంటుందా?"

"నా బొటనవేలంత!"

"అయితే తినొచ్చు. పైన శుభ్రంగా కడిగి, వలిచి, కడిగిన డబ్బాలో పెట్టివ్వాలి. తొక్క మందమున్న పండు మాకు మంచిదని రూలు. కానీ అన్నయ్యకి చెప్పకండి. తెలిస్తే పండుతో పాటు మిమ్మల్ని కూడా వేడినీళ్ళలో ముంచి తీస్తాడు."

రోజూ పండు కడిగి, చేతులు కడిగి, తొనలు వలిచి స్టీల్ డబ్బాలో పట్టుకెళ్ళడం మొదలుపెట్టాను. మా అమ్మ చూసి, "ఇంట్లో ఒక్క అరటిపండు వలిచిన పాపాన పోలేదు, ఇదేం భక్తిరా?" అంది.

కొన్నాళ్ళకు ఒక అద్భుతం గమనించాను. డబ్బా అందుకునేటప్పుడు తన వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. మర్నాడు ఇంకాస్త ఎక్కువగా వణికాయి.

ఇక నా ఆనందం చూడాలి! నన్ను చూస్తే ఒక ఆడపిల్ల చేతులు వణుకుతున్నాయంటే అర్థం ఏమిటి? చొక్కా ఇస్త్రీ చేయించాను. వేపమొక్కకు నీళ్ళు పోస్తూ పాటలు పాడాను. కేకు మీద పేరు వంకరటింకరగా వచ్చిందని ఎవరో గొడవ పెట్టుకుంటే, పాపం, ధ్యాసంతా నా మీదే ఉందని నాలో నేనే పొంగిపోయాను. నా అంత వెధవ ఈ భూప్రపంచంలో ఇంకొకడు ఉండడు.

ఒక పొద్దున కిటికీ తెరుచుకోలేదు. గల్లాపెట్టె దగ్గర వాళ్ళమ్మ కూర్చుని ఉంది. కళ్ళు వాచి ఉన్నాయి.

"ఆసుపత్రిలో చేర్చాం బాబూ. చేతులు ఒకటే వణుకు, తలనొప్పి. ఒళ్ళు లివర్‌ని వద్దంటోందేమోనని టెస్టులు చేస్తున్నారు. అలా అయితే..."

వణుకు. అది ప్రేమ కాదు, జబ్బు. నేను రోజూ దాన్ని చూసి చొక్కా ఇస్త్రీ చేయించుకున్నాను!

ఒట్టి చేతులతో వెళ్ళలేకపోయాను. నా దగ్గర ఇంకేముంది? పెద్ద పండు కోసి, వలిచి, డబ్బాలో పెట్టుకుని పరిగెత్తాను.

గది తలుపు దగ్గరికి వెళ్ళేసరికి డాక్టరమ్మ మాట్లాడుతోంది. "లివర్ బాగానే ఉంది. కానీ రక్తంలో మందు ఉండాల్సినదానికి మూడింతలు ఉంది. ఆ వణుకు దానివల్లే. కిడ్నీల మీద కూడా పడుతోంది. డోసు ఎక్కువ వేసుకుందా?"

"లేదు డాక్టర్ గారూ, నా చేత్తో నేనే ఇస్తాను," అన్నాడు అన్నయ్య.

"మరి కొత్తగా ఏం తింటోంది?"

సరిగ్గా అప్పుడే నేను డబ్బా పట్టుకుని లోపల అడుగుపెట్టాను. పైగా, లివర్ బాగానే ఉందన్న ఆనందంలో నవ్వుతూ. మంచం మీద తను నన్ను చూసి వద్దు వద్దన్నట్టు తల ఊపింది. అప్పటికే డాక్టరమ్మ మూత తీసింది.

"ఇది రోజూ తింటోందా?"

"నేనే తెస్తున్నానండీ," అన్నాను. అబద్ధం ఆడాలని కూడా తట్టలేదు.

"గ్రేప్‌ఫ్రూట్ ముట్టుకోవద్దని చెప్పాం కదమ్మా!"

"అదెలా ఉంటుందో మేమెప్పుడూ చూడలేదు డాక్టర్. దీని తొక్క మందంగా ఉంది కదా, పర్లేదనుకున్నాను," అంది తను నీరసంగా.

"ఇదీ ఆ జాతి పండే, దానికి పెద్దక్క! మందు ఒంట్లో ఖర్చయ్యే దారిని ఈ పండు మూసేస్తుంది. వేసుకున్న మందు వేసుకున్నట్టే పేరుకుపోతుంది. ఇప్పుడైనా తెలిసింది, నయం. మానేస్తే కిడ్నీలు కోలుకుంటాయి. ఇంకొన్నాళ్ళు తిని ఉంటే ఏం చెప్పేదాన్నో నాకే తెలీదు."

అన్నయ్య నన్ను వరండాలోకి తీసుకెళ్ళాడు. కొడతాడనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"కత్తి పట్టుకొచ్చినవాడు నీకంటే నయం," అన్నాడు. "వాణ్ణయితే గుమ్మంలోనే ఆపేవాణ్ణి. మా కిటికీ దగ్గర ఇంకోసారి కనిపించకు."

కనిపించలేదు. కుండీలు వెనక్కి తెచ్చేసుకున్నాను. తను ఇంటికి వచ్చిందని, కులాసాగా ఉందని మా అమ్మ ద్వారా తెలిసింది. ఆ మాట విన్న రోజు నర్సరీ వెనక కూర్చుని ఏడ్చాను. సిగ్గేం లేదు, బాగానే ఏడ్చాను. తర్వాత గొడ్డలి తీసుకుని పంపరపనస చెట్టు దగ్గరికి వెళ్ళాను.

"మట్టిగారూ! తప్పు చెట్టుదా?"

గేటు అవతల తనే. మాస్క్, గ్లవ్స్, అన్నీ ఉన్నాయి. నేను గొడ్డలి పడేసి గేటు దాకా వెళ్ళి, దూరంగా ఆగాను.

"ఎందుకొచ్చారు? నా వల్ల మీ ప్రాణం మీదికి వచ్చింది."

"రూలు సగమే తెలుసుకుని తిన్నది నేను. అన్నయ్య దగ్గర దాచిందీ నేనే. తప్పంతా మీరొక్కరే మోస్తానంటే ఎలా?"

"మీకు తెలీదు. మీ చేతులు వణుకుతుంటే... నేను... నా మీద ప్రేమ అనుకున్నాను."

తను ముందు కళ్ళు పెద్దవి చేసింది. తర్వాత గేటు పట్టుకుని వంగి వంగి నవ్వింది. నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకుంది.

"ఒక మాట చెప్పనా? ఆ పండు నాకు అస్సలు నచ్చలేదు. పులుపు, పైగా చేదు. మీరు కూర్చుని వలిచి తెచ్చారని ప్రతి తొనా తిన్నాను."

నా చెవులను నేనే నమ్మలేకపోయాను.

"తొందరపడి సంతోషించకండి," అంది గొంతు తగ్గించి. "రేపు ఇన్‌ఫెక్షన్ రావచ్చు. షుగర్ రావచ్చు. నిజంగానే ఒళ్ళు లివర్‌ని వద్దనచ్చు. నాతో ఉంటే ఆసుపత్రి కూడా మనతోనే ఉంటుంది. భయం లేదని మాత్రం చెప్పకండి, నమ్మను."

"భయంగానే ఉంది. చచ్చేంత భయంగా ఉంది. అయినా మీ పక్కనుండే భయపడతాను. దూరంగా ఉండి భయపడటం నావల్ల కావట్లేదు."

"అమ్మలూ!"

రోడ్డు దాటుకుని అన్నయ్య వచ్చేస్తున్నాడు. పిండి చేతులతోనే తన మోచెయ్యి పట్టుకున్నాడు. "ఇంటికి పద. ఇక్కడ గాలి కూడా నీకు పడదు."

"రాను అన్నయ్యా. ఇతనంటే నాకిష్టం."

"నీ ఇష్టం సంగతి తర్వాత. నీలో ఉన్నది నాది..."

"నువ్విచ్చింది ముక్కే అన్నయ్యా," అంది తను మెల్లగా. "అది నాలో పెరిగింది. నా తిండి తిని, నా రక్తంతో ఇంతయింది. ఇప్పుడది నాది. నువ్వు బతికించింది నన్ను. మరి నన్ను బతకనివ్వవా?"

ఆయన ముఖం చూడలేకపోయాను. అంత మనిషి, చిన్నపిల్లాడిలా పెదవి బిగించుకున్నాడు.

"బతకొద్దంటానా? ఒకవేళ అది పాడైతే, నేనేం చెయ్యనే? ఒక్కసారే ఇవ్వనిస్తారు. నీకివ్వడానికి నా దగ్గర ఇంకో ముక్క లేదే అమ్మలూ!"

తను అన్నయ్య భుజం మీద తల వాల్చేసింది. పిండంతా తన చున్నీకి అంటుకుంది. "ఇంకోటి అడగను. దీంతోనే ముసలిదాన్నయిపోతాను, చూస్తుండు," అంది. ఇద్దరూ ఏడుస్తున్నారు. నేను గేటు లోపల నిలబడి నా పాటికి నేను ఏడుస్తున్నాను.

కాసేపటికి ఆయన ముక్కు తుడుచుకుని నా వైపు తిరిగాడు. "ఏం బాబూ, ఇలా రా. ఆ నీళ్ళ పైపు ఇలా ఇవ్వు. సబ్బుందా?"

"ఉంది సార్."

"సార్ ఏంటి సార్! చేతులు చాపు."

చాపాను. ఆయనే పైపు పట్టుకుని నీళ్ళు పోశాడు. నేను రుద్దుకుంటుంటే వంగి మరీ చూశాడు.

"గోళ్ళలో ఇంకా మట్టి ఉంది. సరిగ్గా రుద్దు," అన్నాడు. "రేపటి నుంచి మా పిల్ల పట్టుకునే చెయ్యి అది."