ఒడ్డు తగిలేదాకా

పరుగు!

పొద్దు ఇప్పుడే గుంకింది. ఇసుక కాళ్లని పట్టి లాగుతోంది. ముందు ధనరాజ్... వెనక ఎర్రన్న.

సరుగుడు తోటలోకి తిరిగితే ధనరాజ్ ఇక దొరకడు. కానీ తిరగలేదు. తెప్పల వైపు పరిగెడుతున్నాడు.

ఎర్రన్న ఇంకా వేగం పెంచాడు.

వాడు సముద్రంలోకి పోకూడదు. వాడికి ఏమీ కాకూడదు. ఈ లోకంలో ఎర్రన్న అందరికంటే అసహ్యించుకునే మనిషి వాడు. వాడే బతికి ఉండాలి!

ఎందుకంటే సెంట్రల్ జైల్లో తమ్ముడు యుగంధర్ ఉరికి రోజులు లెక్కపెట్టుకుంటున్నాడు.

నేరం ఒకటే. తెప్ప ఇంజన్ దొంగతనం చేస్తుంటే చూశాడని అదే ఊరి జాలరి గంగులు కొడుకు నవీన్‌ని పొడిచి, వలలో చుట్టి, సముద్రంలో పడేశారు. ధనరాజ్, యుగంధర్... ఇద్దరి మీదా కేసు.

యుగంధర్ మర్నాడే దొరికాడు. జిల్లా ఉడికిపోతున్న రోజులవి. టీవీలు, ర్యాలీలు, కొవ్వొత్తులు. అరుదైన వాటిలోకెల్లా అరుదైన కేసు అన్నారు జడ్జిగారు.

ఉరి!

ధనరాజ్ సాలూరు లారీ ఎక్కి ఒడిశా పారిపోయాడు. ఏళ్ల తర్వాత దొరికాడు. అప్పటికి టీవీలకి వేరే శవాలు దొరికాయి. సాక్షులు మర్చిపోయారు. వేరే కోర్టు, వేరే జడ్జి. అనుమానం ఉంది అన్నారు.

విడుదల!

అదే కత్తి. అదే శవం. ఆలస్యంగా దొరకడమే వాడు చేసుకున్న పుణ్యం. థూ!

పొడిచింది ధనరాజేనని యుగంధర్ నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ఎవరు విన్నారు? క్షమాభిక్ష అర్జీ కూడా తిరిగొచ్చింది. ఇక ఒక్క దారే ఉందన్నాడు వకీలు. వదిలేసిన కేసులో ధనరాజ్‌ని మళ్లీ శిక్షించరు. వాడే వచ్చి నిజం చెబితే...

చెప్పడు. కోర్టంటే వాడికి భయం లేదు. నిజం తెలిస్తే ఊరు వదలదనే భయం. కోర్టు వదిలేసిందంటే తప్పు చేయలేదనే ఊరు నమ్మింది. గంగులు కూడా నమ్మాడు.

ఈ సాయంత్రం తల్లిని చూడ్డానికి వచ్చాడు ధనరాజ్. గుమ్మంలో ఎర్రన్న కనిపించగానే వెనక గోడ దూకాడు. అదీ ఈ పరుగు.

"ఆగరా... నిన్నేటీ సెయ్యను."

ఆగలేదు. అంచున ఉన్న చిన్న తెప్పని నీళ్లలోకి తోసేశాడు.

తప్పు! పెద్ద కెరటాలు వరసగా వస్తాయి. అవి పోయేదాకా ఆగి, అప్పుడు తొయ్యాలి. ఈ ఊళ్లో నడక నేర్చిన పిల్లలకి కూడా తెలుసు. లారీల మీద తిరిగి మరిచిపోయాడో... భయమే మరిపించిందో.

తెప్ప అడ్డం తిరిగింది. కెరటం లేచింది.

బోర్లా!

ఎర్రన్న దూకాడు. కళ్లలో ఉప్పు నీళ్లు. చెయ్యి దొరికింది. లాగాడు... రావట్లేదు! తెప్పలోని వల ధనరాజ్ కాళ్లకి, నడుముకి చుట్టుకుంది. లాగేకొద్దీ బిగుస్తోంది. సముద్రం ఇద్దరినీ లోపలికి ఈడుస్తోంది.

వాడు మునిగిపోతున్నాడు. వాడితో పాటు తమ్ముడూ.

లైటు!

ఇంకో తెప్ప. అందులో ఒక్కడే మనిషి.

గంగులు. కొడుకు పోయాక తన తెప్పలోకి ఎవరినీ ఎక్కించుకోడు. ఒడ్డు దగ్గరే వల వేసుకుని తిరిగొస్తున్నాడు.

ఒక్క మాట అడగలేదు. వల కోసే కత్తి పళ్ల మధ్య పెట్టుకుని దూకేశాడు. నీళ్లలో పడినవాణ్ణి, పగవాడైనా సరే, ఒడ్డుకి చేర్చాలి. వదిలేసి వచ్చినవాడి తెప్పకి గంగమ్మ మళ్లీ చేప ఇవ్వదు. ఆ ఊళ్లో దీనికి రెండో తీర్పు లేదు.

వల తెగింది. ఇద్దరూ కలిసి ధనరాజ్‌ని తెప్పలోకి లాగారు.

నీళ్లు కక్కుతున్నాడు. వణుకుతున్నాడు. బతికాడు!

ఎర్రన్నకి ఆత్రం ఆగలేదు. ఒడ్డెక్కితే వీడు మళ్లీ పారిపోతాడు. ఇప్పుడే అడగాలి. ధనరాజ్ దోసిట్లో సముద్రపు నీళ్లు పోశాడు. ఆ నీళ్లు పట్టుకుని అబద్ధం ఆడినవాడు ఆ తీరంలో లేడు.

"సెప్పు. నవీన్‌ని పొడిసినోడు ఎవుడు?"

చచ్చి బతికిన భయం. ఏడుస్తూ కక్కేశాడు.

"నానే బావా. యుగంధర్ వద్దన్నాడు. టార్చి పారేసి ఏడిసినాడు. వలలో సుట్టినప్పుడు నవీన్‌కి ఊపిరున్నాది... ఆళ్లయ్యని పిలిసినాడు."

ఎర్రన్నకి ఏడుపొచ్చింది. సంతోషంతో! ఈ మాట కోర్టులో చెబుతావా అంటే ధనరాజ్ తలూపాడు. తమ్ముడు బతుకుతాడు!

అప్పుడు...

తెడ్డు చప్పుడు ఆగిపోయింది.

ఎర్రన్న తల తిప్పి చూశాడు. ఆత్రంలో తెడ్డు పట్టుకున్నది ఎవరో మర్చిపోయాడు!

గంగులు వాళ్ల వైపు చూడట్లేదు. కాసేపటికి మళ్లీ తెడ్డు వేశాడు. పెద్ద కెరటాలు పోయేదాకా ఆగాడు. వణుకుతున్న ధనరాజ్ మీదకి తన తువ్వాలు విసిరాడు.

ఎర్రన్న గంగులు కాళ్లు పట్టుకున్నాడు. వీడు పోతే తన తమ్ముడూ పోతాడని, కోర్టులో ఆ ఒక్క మాట చెప్పేదాకా ఓర్చుకోమని బతిమాలాడు. గంగులు తెడ్డు వేస్తూనే ఉన్నాడు.

తెప్ప అడుగు ఇసుకని రాసుకుంది.

గంగులే ముందు దిగాడు. చెయ్యి అందించి ధనరాజ్‌ని దింపాడు. వాడి రెండు కాళ్లూ ఇసుక మీద ఆనేదాకా పట్టుకునే ఉన్నాడు.

"నీటి మీద గంగమ్మ మాట సెల్లింది," అన్నాడు. "ఇది ఒడ్డు."

ఎర్రన్న దూకాడు.

అందలేదు!

వల కోసిన కత్తే. ధనరాజ్ అరవను కూడా లేదు.

ఎర్రన్న రెండు చేతులతో వాడి కడుపు నొక్కిపట్టాడు. వేళ్ల సందుల్లోంచి వెచ్చగా కారిపోతోంది. తమ్ముడు కారిపోతున్నాడు. ఇంకోసారి చెప్పమని వాడి మొహం మీద కొడుతూ, రికార్డు చేద్దామని జేబులోంచి ఫోన్ లాగాడు. ఫోన్‌లోంచి నీళ్లు కారుతున్నాయి. వెలగలేదు.

ధనరాజ్ కళ్లు నిలిచిపోయాయి.

గంగులు ఇసుకలో చతికిలబడ్డాడు. కత్తి పక్కన పెట్టాడు.

"నీ తమ్ముడికి సాక్షికం నాను సెప్తానురా. పొడిసినోడు ఈడేనని సెవులారా యిన్నాను."

గంగులు ఎర్రటి చేతుల వైపు చూశాడు ఎర్రన్న.

"నిన్ను నమ్ముతారా మావా?"

గంగులు కూడా తన చేతులు చూసుకున్నాడు.

"ఏ జడ్జీబాబు దగ్గర పడతానో మరి..."

ఊరి వైపు నుంచి టార్చిలైట్లు పరిగెత్తుకొస్తున్నాయి.