పదకొండో కుర్చీకి నాలుగు నిమిషాలు

ముందుగా నన్ను మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది డెబ్బై దాటాక. ఒక్కో మాటా కూడబలుక్కుని రాస్తాను. ఈ నాలుగు కాగితాలకు ఒక చలికాలం పట్టింది. తప్పులుంటే సర్దుకుని చదవండి. లైబ్రరీలో మా టీచరమ్మ నా మనవరాలి వయసుది. "ప్రేమ కథ రాయండి, కుర్రవాళ్ళు చదువుతారు" అంది. నాకు తెలిసిన ప్రేమ కథ ఒక్కటే. అందులో ముద్దుల కంటే ఫుట్‌బాల్ ఎక్కువ, అదీ బంతిని చేత్తో విసిరి పట్టుకునే మా అమెరికా ఫుట్‌బాల్.

నా భర్త లెన్నీ అక్టోబరులో పోయాడు. సగం ఆటలో లేచి వెళ్ళినట్టు పోయాడు. లెన్నీకి పొద్దున లేస్తే మా జట్టు గోలే. ఎవర్ని తీసేయాలి, ఎవర్ని తేవాలి, ఎక్కడ కన్నం పడింది, ఎవరితో పూడ్చాలి. ముప్పై తొమ్మిదేళ్ళు విన్నాను. విని విని అదంతా నాకు కంఠతా వచ్చేసింది. ఆయన పోయాక ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపించడం మొదలైంది. అది అంత గట్టిగా మోగుతుందని అన్నేళ్ళూ నాకు తెలియదు.

అందుకని రేడియో పెట్టుకునేదాన్ని. జట్టుకు ఎవరు కావాలో ఫోన్లు చేసి అరిచే మగవాళ్ళ కార్యక్రమం అది. గిన్నెలు కడుగుతూ వాళ్ళకు జవాబులు చెప్పేదాన్ని. "నీ మొహం, ముందు గోడలు కట్టు, తర్వాత కిటికీ పరదాలు కొనుక్కో" అనేదాన్ని. అది లెన్నీ మాట. కొన్ని రోజులు నేను నోరు విప్పి మాట్లాడింది రేడియోతోనే. రేడియో ఒక్కసారీ నా పేరు అడగలేదు.

మా ఊరు లాకవానాలో లెంట్ శుక్రవారాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాసాల రోజుల్లో, మాంసం ముట్టరు. సాయంత్రం ఊరంతా ఫైర్ స్టేషన్ హాలుకు చేరి వేయించిన హాడక్ చేప తింటుంది. తింటూ వాదించుకుంటుంది. ఏటా ఏప్రిల్‌లో ముప్పై రెండు జట్లు వరసగా కాలేజీ కుర్రాళ్ళను ఏరుకుంటాయి కదా, ఆ డ్రాఫ్ట్‌ను మా హాల్లో ముందే ఉత్తుత్తిగా ఆడతారు. ముప్పై రెండు కుర్చీలు, జట్టుకు ఒకటి. పోయినేడు బాగా ఓడిన జట్టుది ముందు కుర్చీ. ఐదు శుక్రవారాలు వాదన, ఆరో శుక్రవారం ఎంపిక. ఎవరికి ఏ జట్టో చీటీలు తీస్తారు. మా ఊరి జట్టుకు మాత్రం చీటీ లేదు. అది పాలుక్ వాళ్ళ కుర్చీ. లెన్నీ నాన్నది, తర్వాత లెన్నీది.

ఆ ఏడు అది పదకొండోది. మొదటి శుక్రవారం వెళ్ళి నేను కూచున్నాను.

"ఏమండీ, అది లెన్నీ కుర్చీ" అన్నాడు పన్నెండో కుర్చీలో మనిషి. పొడుగ్గా ఉన్నాడు. కనుబొమలు మాత్రం ఇద్దరికి సరిపోతాయి.

"తెలుసు. లెన్నీ భార్యని."

"అయ్యో." చెయ్యి చాచాడు. చేతినిండా చేప నూనె. సిగ్గుపడి తుడుచుకుని మళ్ళీ చాచాడు. "క్లెమ్ డుడెక్. ఓడలొస్తే కాలువ మీద వంతెన ఎత్తేవాణ్ణి. మా ఆవిడకు ఒంట్లో బాగుండక ఎనిమిదేళ్ళు ఇటు రాలేదు. ఇప్పుడు ఆవిడా లేదు. ఇంతకీ ఎవర్ని తీసుకుంటారు?"

"బెల్‌నాప్‌ని. ఎడమ వైపు కాపలాకి."

"ఖర్మ" అన్నాడు క్లెమ్, చేప ముక్క పళ్ళెంలో పడేసి.

"ఖర్మెందుకు? మన క్వార్టర్‌బ్యాక్ బంతి విసరాలంటే ముందు బతికుండాలి కదా. పోయినేడు యాభైసార్లు పడేశారు పాపం."

"విసిరితే పట్టేవాడేడండీ? మనవాళ్ళు చేతులకు వెన్న రాసుకుని వస్తారు. రూక్స్‌ని తీసుకోండి. వాడు పరిగెత్తితే గాలికి ఆయాసం వస్తుంది."

"ముందు గోడలు కట్టండి. తర్వాత పరదాలు కొనుక్కోండి."

"కిటికీయే లేని ఇంట్లో మీరుంటారా?"

హాలంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. ఇంటికెళ్ళాక చూసుకుంటే మంటలా లేదు. ఒళ్ళు వెచ్చబడినట్టు ఉంది.

రెండో శుక్రవారం క్లెమ్ అంకెలు రాసిన కాగితాలు తెచ్చాడు. నేను ఒక్కటీ ముట్టకుండా అన్నిటికీ జవాబు చెప్పాను.

"కాగితం లేకుండా ఇవన్నీ ఎలా గుర్తుంటాయండీ?"

"తలలో ఉన్నవి జేబులో ఎందుకు?"

కనుబొమలు రెండూ పైకి లేచాయి, వంతెన లేచినట్టు. ఆ చూపు నాతోపాటు ఇంటికొచ్చింది.

శనివారం నుంచి గురువారం దాకా ఆరు రోజులు. వాటిని ఎలా దాటేదాన్నో ఇప్పుడు చెబితే నవ్వుతారు. మంగళవారం ఒక వాదన తయారు చేసుకునేదాన్ని. బుధవారం దానికి క్లెమ్ ఏమంటాడో ఊహించుకునేదాన్ని. గురువారం జవాబుకు జవాబు. శుక్రవారం పొద్దున్నే నీలం రంగు మఫ్లరు తీసి కుర్చీ మీద పెట్టుకునేదాన్ని. దాన్ని చుట్టుకోవాల్సింది సాయంత్రం ఐదింటికి.

మూడో శుక్రవారం హాలు బయట మెట్ల మీద మంచు గడ్డకట్టింది. క్లెమ్ నా మోచెయ్యి పట్టుకున్నాడు. రెండు వీధులు అలాగే నడిచాం. "జాగ్రత్త" అన్నాడు. "నువ్వు జాగ్రత్త" అన్నాను. మా మధ్య 'మీరు' ఆ మంచులోనే ఎక్కడో జారిపోయింది.

మా గుమ్మం దగ్గర ఆగి అన్నాడు: "బెర్నీ, ఒకటడగనా? గోడలూ పరదాలూ లెన్నీ మాట. వంతెన మీద రేడియోలో వినేవాణ్ణి, ప్రతి వారం ఫోన్ చేసి అదే చెప్పేవాడు. నీ మాట ఏంటి?"

"నా మాటా అదే."

"అదే అయితే సరే. కానీ నువ్వు చెబుతుంటే నీ మొహం ఖాళీగా ఉంటోంది. వేరే ఎవరికో కుర్చీ కాపలా కాస్తున్నట్టు ఉంటోంది."

"నా మొహం సంగతి నీకెందుకయ్యా? వెళ్ళు!" అని తలుపు వేసేశాను.

అంత కోపం ఎందుకొచ్చిందో కోటు విప్పకుండా కూచుని ఆలోచించాను. ఆ మాట కూడా వదిలేస్తే ఇంట్లో లెన్నీ ఇంకెక్కడున్నాడు? ఆయన బట్టలు చర్చికి ఇచ్చేశాను. ఆ ఒక్క వాదనే మిగిలింది. రోజూ దాన్ని నేను నోటితో ఆడిస్తుంటేనే ఆయన ఉన్నట్టు.

నాలుగో శుక్రవారం వెళ్ళలేదు. డబ్బా చేప తెరిచి సింకు పక్కన నిలబడే తిన్నాను. ఒక్కదానికే బల్ల మీద పళ్ళెం పెట్టుకోవడం మానేసి చాలా రోజులైంది.

ఏడింటికి తలుపు చప్పుడైంది. క్లెమ్. చేతిలో రేకు చుట్టిన పళ్ళెం, తల మీద మంచు.

"చల్లారిపోయింది. అదీ నీ తప్పే" అన్నాడు.

"లోపలికి రా. నేల తడుపుతావు, బూట్లు అక్కడ విడువు."

వచ్చాడు. తినమని నా ఎదురుగా కూచున్నాడు. రూక్స్ ఊసెత్తలేదు, బెల్‌నాప్ ఊసెత్తలేదు. ఫ్రిజ్ మోగుతోంది. నేను సగం తిన్నాక చెప్పాడు:

"ఇంటి ముందు అమ్మకం బోర్డు పెట్టేశాను బెర్నీ. ఈస్టరు దాటాక అరిజోనా వెళ్ళిపోతున్నా. మా అమ్మాయి పట్టీ అక్కడ నాకోసం గది కట్టించింది. ఒక్కడివీ ఏం చేస్తావు నాన్నా అంటుంది. నిజమే, ఏం చేస్తాను?"

"అక్కడ మంచు పడదట."

"పడదట."

"మరి పొద్దున్నే లేచి దేన్ని తిడతావు?"

"అదే ఆలోచిస్తున్నా."

నా వైపు చూశాడు. ఏదో అంటానని చూశాడు. ఆ మాట నా గొంతు దాకా వచ్చింది. నేను అన్నది మాత్రం వేరు.

"ఎండలో టోపీ పెట్టుకో" అన్నాను.

"అలాగే" అని లేచాడు. ఆయన వెళ్ళాక ఆ కుర్చీని బల్ల కిందికి తొయ్యలేదు. మూడు రోజులు అలాగే ఉంచాను.

ఐదో శుక్రవారం వాదించుకున్నాం కానీ మర్యాదగా. ఇద్దరికీ తెలుసు, అది మర్యాద కాదు, చేతగానితనం.

ఆరో శుక్రవారం హాలు కిక్కిరిసింది. నడిపించేది వాల్ట్. పాత ఫైర్‌మన్, గొంతు ఇంకా సైరనే. చేపలు వేయించేటప్పుడు వాడే గడియారం చేతిలో పట్టుకుని నియమం చదివాడు: కుర్చీకి నాలుగు నిమిషాలు. ఆలోగా పేరు చెప్పకపోతే వంతు పోదు, తర్వాతైనా చెప్పుకోవచ్చు, కానీ పక్క కుర్చీవాడు ముందుకొచ్చి తనకు కావలసినవాణ్ణి ఎగరేసుకుపోవచ్చు.

పది పేర్లు అయ్యాయి. బెల్‌నాప్ ఇంకా మిగిలే ఉన్నాడు. రూక్స్ ఉన్నాడు.

"పదకొండు! పాలుక్ కుర్చీ! బెర్నీ, కానియ్యమ్మా!"

లేచాను. నోరు తెరిచాను. బెల్‌నాప్ అంటే లెన్నీ ఇంకా ఉన్నట్టు. రూక్స్ అంటే క్లెమ్ గెలిచి అరిజోనా వెళ్ళినట్టు. మరి ఏమంటే నేనున్నట్టు? అరవై ఏడేళ్ళ మనిషిని. నాకంటూ ఒక్క పేరూ తోచలేదు. గడియారం టిక్కు టిక్కుమంటోంది.

"చెప్పవే బెర్నీ! చేప మాడిపోతోంది!" అని ఎవరో అరిచారు.

గంట మోగింది.

"సమయం దాటింది! పన్నెండు! క్లెమ్, నీ పంట పండిందిరా! రూక్స్‌ని పట్టుకో!"

క్లెమ్ చేతులు కట్టుకున్నాడు. "నాకేం తొందర లేదు."

"పిచ్చా? ఆరు వారాలుగా వాడి పేరు జపం చేశావు!"

"ఆవిడ వంతు ముందు. ఆవిడ చెప్పాక చెబుతా."

"నియమం ప్రకారం..."

"నియమం నాకూ తెలుసు. గడియారం తిప్పుకో."

నాలుగు నిమిషాలు ఆ మనిషి కదలకుండా కూచున్నాడు. నా వైపు చూడలేదు. తొందరపెట్టినట్టు అవుతుందని చూడలేదు. ఓడ పూర్తిగా దాటేదాకా వంతెన దించకుండా ఆగేవాళ్ళ ఓపిక అది. నా కోసం అంతసేపు ఎవరూ ఆగినట్టు గుర్తులేదు.

మళ్ళీ గంట. పదమూడో కుర్చీ ఎడ్నా, మందుల షాపావిడ, రూక్స్‌ని ఎగరేసుకుపోయింది. పద్నాలుగో కుర్చీ బెల్‌నాప్‌ని లాక్కుపోయింది. హాలంతా గొల్లుమంది. లెన్నీ మాటా పోయింది, క్లెమ్ మాటా పోయింది. నా తల ఒక్కసారి తేలికైంది.

"లిండ్" అన్నాను.

వాల్ట్ గడియారం దించాడు. "ఎవరూ?"

"ఒట్టో లిండ్. మిన్నెసోటా కుర్రాడు. బంతి తన్నేవాడు."

మీకు తెలియకపోతే చెబుతాను, మా ఆటలో బంతిని కాలితో తన్నడానికే ఉండేవాడు వాడు, మైదానంలోకి దిగేది ఎప్పుడో ఒకసారి. మొదటి విడతలో తన్నేవాణ్ణి ఏరుకోవడమంటే, బంగారం అంగడికి వెళ్ళి సంచీ కొనుక్కొచ్చినట్టు. ఎడ్నా నవ్వి నవ్వి బీరు ఒలకబోసుకుంది.

"ఎందుకమ్మా?" అన్నాడు వాల్ట్, కళ్ళు తుడుచుకుంటూ.

"ఎందుకంటే, ఇన్నేళ్ళుగా ఆట జరిగినంతసేపూ నేను చూసేది మన తన్నేవాణ్ణే. మనవాళ్ళు చేతులెత్తేశాక వాణ్ణి పిలుస్తారు. సరస్సు మీంచి కొట్టే చలిగాలికి ఎదురుగా ఒక్కడే నిలబడి తంతాడు. మళ్ళీ వెళ్ళి బెంచీ చివర కూచుంటాడు. వాడితో ఎవరూ మాట్లాడరు. అలాంటివాళ్ళలో మంచివాడు మనకు కావాలి. ఇది నా మాట. లెన్నీతో ఎప్పుడూ అనలేదు."

హాలు మళ్ళీ నవ్వింది. అందరికంటే ఎక్కువ నవ్వింది క్లెమ్. బుగ్గల మీదుగా కన్నీళ్ళు కారేలా నవ్వాడు.

"లెన్నీ వింటే ఏమనేవాడే?" అన్నాడు.

"ఇంట్లోకి రానిచ్చేవాడు కాదు!" అన్నాను. నేనూ నవ్వాను. అక్టోబరు తర్వాత అదే మొదటిసారి. ఒక సొంత మాట బయటికొచ్చాక రెండోదానికి దారి తెలిసింది.

"అరిజోనా వెళ్ళకు క్లెమ్."

ముప్పై రెండు కుర్చీలు విన్నాయి. వాల్ట్ చేతిలో గడియారం ఆగింది. క్లెమ్ మొహం ఎర్రబడింది.

"బోర్డు పాతేశానే బెర్నీ."

"పీకెయ్."

"నేల గడ్డకట్టి ఉంది, ఊడి రాదు."

"పార తెస్తాను. పద."

"పన్నెండో కుర్చీ!" అని వాల్ట్ సైరన్ మోగించాడు. "పేరు చెప్పి చావరా, తర్వాత పోదువు గాని!"

క్లెమ్ ఏదో పేరు చెప్పాడు. ఎవరిదో ఇద్దరికీ గుర్తులేదు. బోర్డు ఊడదీయడానికి గంటా పావు పట్టింది. ఎలా తవ్వాలన్న దాని మీద రెండుసార్లు పోట్లాడుకున్నాం. మర్నాడు పట్టీ అరిజోనా నుంచి ఫోన్ చేసి నాతో మాట్లాడాలంది. తిడుతుందనుకుంటూ అందుకున్నాను.

"ఆంటీ, మా నాన్న నోట్లో ఏదో ఈల వేస్తున్నాడు. అమ్మ పోయాక వినలేదు. మీరు చేస్తున్నదేదో ఆపకండి" అంది.

జూన్‌లో చర్చిలో పెళ్ళి చేసుకున్నాం. అక్షరాలు నేర్చుకోడానికి లైబ్రరీకి వెళ్ళిన మొదటి రోజు నేను భయపడి కారు దిగనంటే, దిగేదాకా ఇంజను ఆపి కూచున్నదీ ఆయనే. ఎనిమిది లెంట్‌లు పక్కపక్క కుర్చీల్లో పోట్లాడుకున్నాం. పోయిన జనవరిలో, సీజను ఇంకా ముగియకుండానే క్లెమ్ పోయాడు. ఈ ఇంట్లో కూడా ఫ్రిజ్ మోగుతుంది. కానీ బల్ల మీద పళ్ళెం పెట్టుకునే తింటున్నాను. ఈ ఏడు మా జట్టుకు ఎవరు కావాలో నాకొక అభిప్రాయం ఉంది. అది ఎవరికీ నచ్చదు. శుక్రవారం వెళ్ళి చెబుతాను.

బెర్నడీన్ పాలుక్ డుడెక్,
డెబ్బై ఆరేళ్ళు,
క్లెమ్ ఇల్లు, లాకవానా, న్యూయార్క్ రాష్ట్రం.