పొగబెట్టిన బోర్డు

కోర్లే మడుగు పొంగి, సముద్రం ఒడ్డున మా చోర్కోర్ పేటలో చేపలకు పొగబెట్టే పొయ్యిలన్నీ నానిపోయిన ఏడాది జరిగింది ఇది. నీళ్ళు రాత్రి వచ్చాయి, తెల్లారేసరికి తీశాయి. ఆ సోమవారం పొద్దున అన్ని ఇళ్ళలో లాగే అజెతే ఇంట్లోనూ బురద ఎత్తిపోస్తున్నారు.

అజెతేది చేపల వేట. మాట తక్కువ. అతను తెచ్చిన చేపలకు భార్య ఆమెర్లే పొగబెట్టి అమ్ముతుంది. ఒక్కతే కూతురు, దేదే.

దేదే ఏడాదిగా ల్యాప్‌టాప్ ఒకటి తయారు చేసుకుంటోంది. కొనే స్తోమత లేదు. తుక్కుబజారులో ఒకదాని పెట్టె, ఇంకోదాని తెర, పక్క దేశం టోగో నుంచి వచ్చిన దాని కీబోర్డు ఏరుకొచ్చింది. ఆ కీబోర్డు మీద అక్షరాలు ఫ్రెంచివాళ్ళ వరసలో ఉంటాయి, అందుకే చవక. జడలు అల్లి సంపాదించిందంతా మదర్‌బోర్డుకు పోసింది. బుధవారం కంప్యూటర్ క్లాసులు మొదలు. సొంత మెషిన్ లేనివాళ్ళు రావద్దన్నారు. మంచం కింద దాచిన ఆ మెషిన్ ఇప్పుడు నిలువునా తడిసింది.

దేదే దాన్ని విప్పి ముక్కలన్నీ బల్ల మీద పరిచింది.

"అమ్మా, ఎవరూ ముట్టుకోవద్దు. బజారుకెళ్ళి బాగుచేసేవాణ్ణి అడిగొస్తా."

"ఇంటి నిండా బురద పెట్టుకుని బజారుకా తల్లీ! పో పో. మదర్‌బోర్డంట. ఉన్న మదర్ మాత్రం నడుం విరిగేలా ఎత్తిపోసుకోవాలి."

దేదే వినిపించుకోలేదు. మళ్ళీ వచ్చేసరికి ఎండ దిగింది. బల్ల మీద తెర ఉంది, కీబోర్డు ఉంది. బోర్డు లేదు. పెరట్లోకి పరిగెత్తింది. అక్కడ పొయ్యి రాజుకుని ఉంది. ఆ రోజు వీధి మొత్తంలో వెలిగిన పొయ్యి అదొక్కటే. దాని పైన చేపలు పేర్చే వల చట్రం. చట్రం మధ్యలో బోర్డు. పచ్చగా ఉండాల్సింది గోధుమరంగుకు తిరిగి, మీద పొగమసి పట్టి ఉంది.

"అమ్మా! నా బోర్డును చేపలా కాల్చావా?"

"కాల్చలేదే. ఆరబెట్టాను. మంట తీసేసి నిప్పుల మీదే పెట్టాను."

గోడ అవతల నుంచి పక్కింటి కోర్కోర్ నవ్వింది. "ఉప్పూ కారం వేశావా ఆమెర్లే?"

"నీ మూతిలో వేస్తా, ఉండు!" అని ఆమెర్లే కూతురి వైపు తిరిగింది. "ఇది సముద్రపు గాలే పిల్లా. తడి వస్తువు రాత్రంతా ఉంటే పొద్దుటికి ఉప్పు పూస్తుంది. నాకు తెలిసిన ఆరబెట్టడం ఇదే."

"ముట్టుకోవద్దని చెప్పి వెళ్ళానా లేదా? కావాలనే చేశావు. నేను క్లాసుకి పోతే నీ పొయ్యి ఎవరు ఊదుతారని నీ భయం. అంతే కదా? ఒప్పుకో!"

ఆమెర్లే చేతిలో పటకారు కింద పెట్టింది.

"అవును. భయమే. నా కళ్ళు పొగకు పోయాయి. మా అమ్మ ఊదింది, నేను ఊదాను, నువ్వు ఊదుతావనుకున్నాను. అనుకోవడం తప్పా?"

"విన్నావా నాన్నా? తన నోటితో తనే చెప్పింది! నన్ను ఈ పొగలోనే కట్టేయాలని చూసింది. ఇక నీ వంట నేను తినను, నీ ఇంట్లో ఉండను."

అజెతే పెరట్లో ఒక మూల వల అల్లుకుంటున్నాడు. లేచాడు. గోడవారగా మూతపెట్టిన రెండు చేపల తొట్లు ఉన్నాయి. వాటి మీద గోనెపట్టాలు లాగేశాడు.

"ఇట్రా. వాసన చూడు."

దేదే ముక్కు మూసుకుంది. పొద్దున అతను పట్టుకొచ్చిన కవళ్ళు. కడుపులు ఉబ్బి, కళ్ళు తెల్లబడి ఉన్నాయి.

"తడవని కట్టె ఒక్క మోపే మిగిలింది," అన్నాడు. "చేపలకు పెట్టవే అన్నాను. మీ అమ్మ నీ బోర్డుకు పెట్టింది."

అని మళ్ళీ వల దగ్గరికి వెళ్ళాడు. ఈసారి కోర్కోర్ నవ్వలేదు.

దేదే తొట్లను చూసింది, తల్లిని చూసింది. "రెండూ కలిపి పెట్టొచ్చు కదే" అంది.

"చేపనూనె కారితే నీ దానికి ఏమవుతుందో నాకేం తెలుసు?" అంది ఆమెర్లే. "చేపలు మళ్ళీ పడతాయి."

దేదే అక్కడే బురదలో కూలబడి తల్లి మోకాళ్ళు పట్టుకుంది. ఆమెర్లే మసిచేతులు కూతురికి అంటకుండా పైకెత్తుకుని, మోచేత్తో దాని తల అదుముకుంది.

"ఏడిస్తే మళ్ళీ తడుస్తుంది. వాడేమన్నాడు, ఆ బాగుచేసేవాడు?"

"బాగా ఆరబెట్టమన్నాడు. ఆరేదాకా కరెంటు పెట్టొద్దన్నాడు. తర్వాత స్పిరిట్‌తో కడగమన్నాడు."

"చూశావా! సగం పని నేనే చేశాను."

స్పిరిట్ ఎక్కడిది? అజెతే లోపలికి వెళ్ళి నాటుసారా సీసా తెచ్చాడు. చనిపోయిన పెద్దల పేరున నేల మీద పోయడానికి ఉంచింది, మొదటి కాపు, ఘాటైనది. నాలుగు చుక్కలు నేలకు వదిలి, "మీ వాటా ఇంతే, మిగతాది పిల్లకి" అన్నాడు. తల్లీ కూతుళ్ళు పళ్ళ బ్రష్షుతో మసి తోమారు. బోర్డు మళ్ళీ ఆరాక దేదే ముక్కలన్నీ బిగించి మీట నొక్కింది. తెర నల్లగానే ఉంది. రెండోసారి నొక్కితే లోపల ఫ్యాను తిరిగింది, తెర వెలిగింది. గది నిండా పొగచేపల వాసన కొట్టింది.

"క్లాసులో పిల్లులు వెంటపడతాయే నిన్ను," అంది ఆమెర్లే. నవ్వుతూ ఏడ్చింది.

మర్నాడు మంగళవారం. మంగళవారాలు సముద్రానికి విశ్రాంతి అని మా పడవలు వేటకు పోవు. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటారు. అజెతే వల ముట్టుకోలేదు. నానిన పొయ్యిల్ని ఆరబెట్టాలి కదా, ఆడవాళ్ళ పీట మీద కూర్చుని తడికట్టె పేర్చి ఊదడం మొదలుపెట్టాడు. పొగకు కళ్ళు కారాయి.

"ఏం అజెతే, మా ఆడవాళ్ళ తలగుడ్డ కూడా నీకు కట్టమంటావా?" అంది గోడ అవతల నుంచి కోర్కోర్.

అతను కళ్ళు తుడుచుకున్నాడు.

"ఆమెర్లే," అని పిలిచాడు. "ఇది ఎట్టా ఊదాలో వచ్చి చూపించు."