బయటి నుంచి వచ్చిన ముక్కు

పొద్దున్నే కొడుకు బస్సు డిపోకి బయలుదేరే వేళకి వంటింట్లో రెండు పొయ్యిలూ వెలుగుతున్నాయి. ఒకదాని మీద టీ, రెండోదాని మీద మైనం. పెద్ద గిన్నెలో నీళ్ళు, ఆ నీళ్ళలో చిన్న గిన్నె, అందులో తెల్లటి సోయా మైనం నెమ్మదిగా కరుగుతోంది. కోడలు ఒక చేత్తో టీ వడగడుతూ, ఇంకో చేత్తో మైనంలో థర్మామీటరు పట్టుకుని, ఏది ముందు చూసుకోవాలో తెలియక రెండింటివైపూ చూస్తోంది.

"నిన్నటి టీలో లావెండర్ తగిలింది. ఇవాళ ఏమిటి?" అన్నాడు కొడుకు కప్పు అందుకుంటూ.

"నిమ్మ. ఆరోగ్యానికి మంచిది, తాగండి."

కిటికీ పక్కన కుర్చీలో కూర్చున్న అత్తగారు నవ్వు దాచుకుంది. ఆ కుర్చీ ఆవిడదే. ఇంట్లో ఈ సువాసన బిళ్ళల పని మొదలైన దగ్గర్నుంచీ కొడుకు ఆవిడని జడ్జిగారు అంటున్నాడు. కోడలు కొత్త బిళ్ళ తయారు చేసినప్పుడల్లా దాన్ని పింగాణీ గిన్నెలో వేసి, గిన్నె కింద చిన్న బల్బు వెలిగించి, ముందుగదిలో పెడుతుంది. బిళ్ళ కరిగి గదంతా వాసన అల్లుకోవాలి. కాసేపయ్యాక అత్తగారు కళ్ళు మూసుకుని గాలి గట్టిగా పీల్చి తీర్పు చెబుతుంది.

మొదట్లో ఆ తీర్పులు రకరకాలుగా ఉండేవి. పారఫిన్ మైనంలో వాసన గబగబా వచ్చి గబగబా పోతుందని, కొబ్బరి మైనం మెత్తగా ఉన్నా వేలి ముద్రలు పడుతున్నాయని, సోయా మైనంలో దాల్చినచెక్క బాగా నిలుస్తోందని ఆవిడే కనిపెట్టింది. ఈమధ్య మాత్రం అన్నిటికీ ఒకటే మాట.

"ఇంకొంచెం."

నిమ్మకీ ఇంకొంచెమే, గులాబీకీ ఇంకొంచెమే. కోడలికి కూడా వాసన చాలనట్టే అనిపించేది. సీసా వంచి ఇంకాస్త సువాసన నూనె కలిపేది. వాసన బయటికి పోకుండా కిటికీలు మూసేవారు. కిటికీలు మూస్తే అత్తగారికి మనసుకి కూడా హాయి. తలుపులన్నీ వేసి, అందరూ లోపలే ఉంటే ఆవిడకి ఇంకేం అక్కర్లేదు.

ఆవిడ ఒంటరిగా గేటు దాటి చాలా ఏళ్ళయింది. భర్త ఒక ఉదయం కళ్ళజోడు బాగు చేయించుకొస్తానని వెళ్ళి దారిలోనే గుండె ఆగిపోయి పడిపోయాడు. ఆయన వెళ్ళాక ఆవిడ ఇంటికి తాళం వేసి చుట్టాలింటికి వెళ్ళింది. కబురు తెచ్చిన మనిషి తాళం చూసి వెనక్కి వెళ్ళిపోయాడు. అందరికన్నా ఆఖర్న తెలిసింది ఆవిడకే. అప్పటినుంచీ ఇంట్లో మనిషి ఉండాలి, ఏ కబురొచ్చినా అందుకునే మనిషి ఉండాలి అనేది ఆవిడ పట్టుదల. ఆ మనిషి తనే. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వచ్చినా ఎవరో ఒకరిని ఇంట్లో కూర్చోబెట్టి, కొడుకు చెయ్యి పట్టుకుని వెళ్ళేది. కోడలు వంటింట్లోనే పని పెట్టుకున్నాక ఆవిడ గుండె కాస్త కుదుటపడింది. రోజంతా గిన్నెల చప్పుడు, అచ్చుల్లోంచి బిళ్ళలు ఊడదీసే టకటక వినిపిస్తుంటే పుస్తకం తెరిచి ప్రశాంతంగా చదువుకునేది.

ఆ రోజు మధ్యాహ్నం మార్కెట్ వీధిలో బహుమతుల కొట్టు నడిపే ఆవిడ వచ్చింది. కోడలి బిళ్ళలు అమ్మిపెట్టేది ఆవిడే. గుమ్మంలో అడుగుపెట్టి, రెండో అడుగు వెయ్యకుండా ఆగిపోయి చీర కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"ఇందులో మీరెలా ఉంటున్నారు పిన్నిగారూ?" అంది.

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. వాళ్ళకి ఏ వాసనా రావడం లేదు.

కొట్టావిడ సంచిలోంచి ఒక పెట్టె తీసి బల్ల మీద పెట్టింది. కిందటి వారం కోడలు పంపిన గులాబీ బిళ్ళలు. బిళ్ళల మీద చెమట పట్టినట్టు నూనె తేలింది. ప్లాస్టిక్ మూత మసకబారి జిగురుగా తయారైంది. మీద అంటించిన కాగితంలో అక్షరాలు కారిపోయి గులాబీ పువ్వు బొమ్మ బీట్‌రూట్ ముక్కలా ఉంది. కొన్నవాళ్ళు తలనొప్పి అంటున్నారని, ఒకావిడైతే బిళ్ళ కరగబెట్టి తనే వరండాలో పడుకోవాల్సి వచ్చిందని కొట్టావిడ మొహమాటపడుతూనే చెప్పింది. మైనం ఎంత నూనె పట్టగలదో దానికి మించి పోశారని, రోజంతా అదే గాలిలో ఉండే ముక్కుకి ఇక ఏమీ తెలియదని కూడా అంది. తన కొట్టు వెనక ఖాళీ గది ఉంది, రెండువైపులా కిటికీలున్నాయి, పని అక్కడ పెట్టుకోమంది. వీధిలోంచి వచ్చేవాళ్ళ చేత వాసన చూపించుకోవచ్చు. ఇలాంటి పెట్టె ఇంకొకటి వస్తే మాత్రం తను అమ్మలేనని చెప్పి, టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది.

సాయంత్రం కొడుకు వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. కోడలు పాడైన బిళ్ళలు ఒక్కొక్కటే కాగితంతో తుడుస్తోంది. కొట్టు వెనక గదికి వెళ్దామనుకుంటున్నానని, రేపటినుంచేనని భర్తతో చెప్పింది. అత్తగారు చదువుతున్న పుస్తకం మూసింది.

"నా ముక్కు పనికిరాదన్న ఆవిడ మాట ఒప్పుకున్నావు కదమ్మాయ్."

"నాది మాత్రం పనికొచ్చిందా అత్తయ్యా? ఇద్దరం కలిసే గులాబీని బీట్‌రూట్ చేశాం."

కొడుక్కి నవ్వొచ్చింది. నవ్వడం పొరపాటైంది. మీకు ముందే తెలుసా అని భార్య నిలదీసింది. అతను నసిగి, తెలుసన్నాడు. రోజూ డ్యూటీ దిగి వచ్చాక తిన్నగా లోపలికి రాకుండా పెరట్లో నిలబడి కొంచెం కొంచెంగా అలవాటు చేసుకుని వస్తున్నాడట. డిపోలో అందరూ తనని పూలబండి అంటున్నారట.

"మరి చెప్పరేం?"

"ఎక్కువైందంటే అమ్మ తీర్పు తప్పన్నట్టు. బాగుందంటే రేపు ఇంకాస్త పోస్తావు. నేనెటు చెప్పను?"

"మీరు నోరు విప్పి ఉంటే ఆ పెట్టె వెనక్కి వచ్చేది కాదు," అంది కోడలు. గొంతు పెద్దది చెయ్యలేదు గానీ చేతిలో కాగితం ఉండలా నలిగింది.

అత్తగారు ఇదంతా విననట్టే ఉంది. ఇన్నాళ్ళూ వంటిల్లు చాలింది కదా అంది. నూనె తగ్గించి ఇక్కడే చేసుకోవచ్చు కదా అంది. ఈ ఇంట్లో ఇక ఎవరి ముక్కూ సరిగ్గా చెప్పదు, అందాజుగా చేస్తే మళ్ళీ ఇదే జరుగుతుంది, అప్పుడు పని మొత్తం పోతుంది అని కోడలు ఓపిగ్గా చెప్పింది. తను ఈ ఇల్లు విడిచి పోవడం లేదని, అన్నం వండే వేళకి వచ్చేస్తానని కూడా చెప్పింది.

"వెళ్ళేవాళ్ళందరూ ఏదో ఒక మంచి కారణం చెప్పే వెళ్తారు," అంది అత్తగారు. "మీ మామయ్య కళ్ళజోడు అన్నారు. వస్తానన్నవాళ్ళు రాకపోతే ఇంట్లో ఉన్నవాళ్ళు ఏం చెయ్యాలో మాత్రం ఎవరూ చెప్పి వెళ్ళరు."

కోడలు లేచి వచ్చి అత్తగారి కుర్చీ దగ్గర నేల మీద కూర్చుంది.

"నేను మానేసి ఇంట్లో ఉంటే మీకు నిజంగా సంతోషమా అత్తయ్యా? నిజం చెప్పండి. సంతోషమంటే ఉండిపోతాను."

అత్తగారు ఆ పిల్ల చేతులు చూసింది. వేడి మైనం చుక్కలు పడిన మచ్చలు, గోళ్ళలో ఎండిన రంగు. అచ్చులోంచి మొదటి బిళ్ళ విరగకుండా ఊడి వచ్చిన రోజు ఈ చేతులే తన రెండు చెంపలూ పట్టుకుని ఊపేశాయి. సంతోషమని అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. వెళ్ళమని చెప్పడానికీ మనసు రాలేదు. చివరికి, "కిటికీలు తెరిచి వెళ్ళు. ఈ కంపు పోతుంది," అంది.

అది ఒప్పుకోవడమో కోపమో తెలియక కోడలు ఆ రాత్రి సరిగ్గా తినలేదు.

మర్నాడు కిటికీలన్నీ తెరుచుకున్నాయి. కొడుకు డిపోకి, కోడలు గిన్నెలు, అచ్చులు, సీసాలు సంచుల్లో సర్దుకుని కొట్టుకి వెళ్ళిపోయారు. అత్తగారు కుర్చీలో కూర్చుని ఒకే పేజీ నాలుగైదుసార్లు చదివింది. ఇల్లు మరీ పెద్దదైపోయినట్టుంది. గాలికి కర్టెన్లు కదిలితే ఎవరో వచ్చారనుకుని లేచేది.

మధ్యాహ్నం అవుతుండగా ఒక వింత జరిగింది. పెరట్లో ఆరేసిన బట్టల తడి వాసన తగిలింది. తర్వాత కొయ్య అలమార వాసన, పాత పుస్తకం వాసన, తన తలనూనె వాసన. ఇవన్నీ ఎప్పటినుంచో ఇంట్లో ఉన్నవే. ఎన్నాళ్ళుగా తనకి తెలియలేదో తలుచుకుని ఆవిడ ఆశ్చర్యపోయింది.

వెనక్కి వచ్చిన గులాబీ బిళ్ళలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. ఆవిడ ఒకటి తీసి, ముందుగదిలోనే ఉండిపోయిన పింగాణీ గిన్నెలో వేసి బల్బు వెలిగించింది. కుర్చీలో కూర్చుని ఎప్పటిలా కళ్ళు మూసుకోబోయి, ఎందుకో లేచి గేటు దాకా వెళ్ళింది. అక్కడ కాసేపు నిలబడి తిరిగి లోపలికి వచ్చింది. వాసన చెంప మీద కొట్టినట్టు తగిలింది.

"అయ్యో రామా," అనుకుంది. "దీన్నా నేను చాలదన్నది?"

నమ్మకం కలగలేదు. ఈసారి గేటు దాటి వీధి మలుపు దాకా నడిచి వచ్చింది. ఇంకా ఘాటుగా తగిలింది. మూడోసారి ఇంకాస్త దూరం పోయి చూద్దామని చెప్పులు సర్దుకుంటుండగా, తను ఒంటరిగా వీధిలో నిలబడి ఉన్నానని ఆవిడకి తెలిసొచ్చింది. వెనక్కి తిరిగి గేటు వైపు చూసింది. కానీ కాళ్ళు ఆగాలనుకోవడం లేదు. కోడలు ఇవాళ నిమ్మ ఎంత పోసిందో, ఎవరి చేత చూపించుకుంటోందో.

లోపలికి వెళ్ళి బల్బు ఆర్పి, పొయ్యి ఆర్పి ఉందో లేదో ముమ్మారు చూసుకుని, తాళం వేసింది. పక్కింటావిడ తలుపు తట్టి, ఏదైనా కబురొస్తే తను బహుమతుల కొట్టులో ఉన్నానని చెప్పమంది. పక్కింటావిడకి ఆ మాట అర్థమవడానికి కొంతసేపు పట్టింది.

కొట్టు వెనక గదిలో కోడలు అత్తగారిని చూసి సీసా వదిలేసి పరుగున వచ్చింది. ఇంట్లో ఏమైందని, ఆయనకేమైనా అయిందా అని కంగారుగా అడిగింది. అత్తగారు చెయ్యి పైకెత్తింది.

"ఏమీ కాలేదు. మాట్లాడకు, ముక్కు చెదురుతుంది."

గుమ్మంలోనే నిలబడి ఆవిడ నెమ్మదిగా గాలి పీల్చింది. తర్వాత ఒక్కొక్క గిన్నె దగ్గరికీ వెళ్ళి, మధ్యమధ్య వీధిలోకి నడిచి వచ్చి, తీర్పు చెప్పింది. నిమ్మ గుమ్మం దాకా వచ్చి మర్యాదగా ఆగింది, దాన్ని ముట్టుకోవద్దు. దాల్చినచెక్క గది మధ్యలోనే కూర్చుంది, ఒక్క చుక్క పెంచినా తప్పులేదు. గులాబీ ఇంకా మీద పడుతోంది.

"తగ్గించు," అంది.

ఆ మాట ఆవిడ నోట వినేసరికి కోడలు పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

ప్లాస్టిక్ పెట్టె బదులు రేకు డబ్బా అయితే నూనె తగిలినా మసకబారదని కొట్టావిడ అంటే, మూత తీయగానే ముందు వాసన రావాలి గానీ రేకు చప్పుడు కాదు, లోపల మైనం కాగితం పరచమని అత్తగారు చెప్పింది. కొట్టావిడ ఒక స్టూలు తెచ్చి వేసి, ఇక రోజూ రమ్మంది.

"ఒక్కరే వచ్చారా అత్తయ్యా? భయం వెయ్యలేదూ?" అని కోడలు మెల్లిగా అడిగింది.

"వేసింది. దారంతా వేసింది." ఆవిడ స్టూలు మీద కూర్చుని చేతిలోని తాళంచెవి తిప్పింది. "తాళం వేస్తుంటే ఏమనుకున్నానో తెలుసా? సాయంత్రానికి బియ్యం కడగాలి, తడి బట్టలు తియ్యాలి, పుస్తకంలో గుర్తు పెట్టడం మరిచానే అని. ఒక్క అడుగు వేస్తే ఇంటివైపే పది ఆలోచనలు. మీ మామయ్యా అలాగే నడిచి ఉంటారమ్మాయ్. ఇన్నేళ్ళూ ఆయన నన్ను వదిలి వెళ్ళారనే ఏడ్చాను. ఆయన తిరిగి రావడానికే వెళ్ళారు."

కోడలు అత్తగారి వీపు మీద చెయ్యి వేసి నిలబడింది. ఆ చేతికి నిమ్మ వాసన ఉంది. ఆవిడ కళ్ళనీళ్ళు ఒత్తుకుని, ముక్కు చీది, ఇప్పుడు ఈ ముక్కు దేనికీ పనికిరాదని తనే నవ్వేసింది.

కాసేపటికి లేచింది. సాయంత్రం దాకా ఉండమని, కలిసే వెళ్దామని కోడలు బతిమాలింది.

"ఇక్కడే కూర్చుంటే మళ్ళీ ఇంకొంచెం, ఇంకొంచెం అంటాను. రేపు బయటి నుంచి వచ్చి చూస్తేనే నీకు నిజం చెప్పగలను." కొంగు సర్దుకుని గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. "వెళ్ళొస్తానమ్మా."

ఇన్నేళ్ళుగా ఆ మాట ఇంట్లో నిలబడి వినడమే గానీ, ఆవిడ అన్నది లేదు. అనేసి మెట్టు దిగింది. వీధిలో ఎండ చల్లబడింది, గాలికి ఏ వాసనా లేదు. ఆవిడ గుండెల నిండా పీల్చుకుని ఇంటివైపు నడిచింది.