మూగబావి చెప్పిన మూడు కథలు

కందరగిరి రాజ్యంలో ఒక ఉదయం కోళ్ళు కూయలేదు. పుంజులు గోడలెక్కి మెడలు సాచాయి, నోళ్ళు తెరిచాయి, కానీ చప్పుడు రాలేదు. జనం ఏదో తెగులు అనుకున్నారు. మూడోనాటికి ఆవులు అరవడం మానేశాయి. ఆ పై వారం మనుషుల వంతు వచ్చింది. నిన్న సంతలో గొంతు చించుకుని బేరమాడిన మనిషి ఇవాళ నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాదు. మాట పోయిన ఏడో రోజుకు ఒళ్ళు బిగుసుకుపోతుంది, చర్మం నెర్రెలు విచ్చుతుంది, మనిషి నిలువునా మట్టిబొమ్మ అయిపోతాడు. మహారాజు సింహాసనం మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే మట్టి అయ్యాడు. పొలాల్లో, వీధుల్లో కూడా బొమ్మలు నిలబడి ఉన్నాయి. తొలకరి దగ్గర పడుతోంది. వాన కురిస్తే ఆ బొమ్మలు ఏమవుతాయో అందరికీ తెలుసు.

ఆ రాజ్యంలో బావులు తవ్వే ఓబులు అనే ఆయన ఉండేవాడు. తల్లి లేని కూతురు జక్కి ఆయనకు తోడు. పద్నాలుగేళ్ళ పిల్ల అయినా ఎనిమిదేళ్ళప్పటి నుంచి తండ్రి బావిలోకి దిగితే పైన తాడు పట్టేది ఆమే. బావి లోతు పది నిలువులు దాటితే పైనుంచి వేసిన కేక కిందికి చేరుతుంది గాని, కింది మాట గోడలకు కొట్టుకుని పైకొచ్చేసరికి ఒక్క ముక్కా తెలియదు. అందుకే వాళ్ళకు తాడే నోరు. పైనున్నవాళ్ళు అడగాలి. కింద ఉన్నవాడు తాడును ఒకసారి లాగితే అవును, రెండుసార్లు లాగితే కాదు. "ఏమైంది?" అని అడిగితే తాడు చెప్పలేదు. "రాయి తగిలిందా? ఊట వచ్చిందా? గోడ కదిలిందా?" అని ఒక్కొక్కటే అడుగుతూ పోవాలి. అడగడం చేతకానివాళ్ళు పైనుంటే కిందివాడి ప్రాణం గాలిలో దీపమే.

ఒక సోమవారం ఓబులు మాట పోయింది. జక్కి తండ్రి చెయ్యి పట్టుకుని, "భయమేస్తోందా నాయనా?" అని అడిగింది. ఆయన రెండుసార్లు నొక్కాడు. అది అబద్ధమని జక్కికి తెలుసు. అప్పటికే ఆయన వేళ్ళ చివరలు పొడిబారి, గీరితే మట్టి రాలుతోంది. పక్కింటి అవ్వను తండ్రికి కాపలా ఉంచి, పని తాడు భుజాన వేసుకుని, ఆమె ఇప్పకొండ అడవికి బయలుదేరింది. ఆ అడవిలో ఒక ముని ఉన్నాడనీ, ఆయనకు తెలియనిది లేదనీ ఊళ్ళో చెప్పుకునేవారు.

అడవిలో ఆకు కదిలినా చప్పుడు లేదు. పిట్టలు కొమ్మల మీద నోళ్ళు తెరిచి చూస్తున్నాయి. జక్కికి తన అడుగుల చప్పుడే ఎవరో వెంట వస్తున్నట్టు అనిపించింది. రెండు రోజులు నడిచి ముని గుహ చేరేసరికి అక్కడ రాజకుమారుడు రత్నకేతుడు దుమ్ములో కూర్చుని ఉన్నాడు. మూడు రోజులుగా ఆయన ముని పాదాల మీద పడి, ఈ శాపం ఎక్కడిది, ఎందుకు వచ్చింది, ఎలా పోతుంది అని అడుగుతూనే ఉన్నాడు. ముని బదులు చెప్పలేదు. ఆయనది మౌనవ్రతం.

"ఎన్నాళ్ళు అడిగినా అట్లయితే చెప్పడు దొరా," అంది జక్కి. "తల ఊపితే చాలేటట్టు అడగాల."

ఆమె మునికి దండం పెట్టి మొదలుపెట్టింది. శాపం మనిషి పెట్టిందా, ఈ అడవిలోనే ఉందా, కొండ పైనా, నేల కిందా అని ఒక్కొక్కటే అడిగింది. ముని కొన్నింటికి తల అడ్డంగా తిప్పాడు, కొన్నింటికి నిలువుగా ఊపాడు. ఒక ఝాము గడిచేసరికి తెలిసింది ఇదీ: అడవి నడుమ పాడుబడిన దిగుడుబావి ఉంది, పోయిన గొంతులన్నీ దాని అడుగున ఉన్నాయి. ప్రాణాలతో తిరిగి వస్తామా అని చివరికి రత్నకేతుడు అడిగాడు. ముని ఊపనూ లేదు, తిప్పనూ లేదు. కళ్ళు మూసుకున్నాడు.

దిగుడుబావి నోరు కళ్ళమంత వెడల్పు ఉంది. ఇద్దరూ మెట్లు దిగారు. మొదటి మలుపులో, గోడకు కరుచుకుని ఆబోతంత ఉడుము ఒకటి పడుకుని ఉంది. దాని నాలుక బయటికి వచ్చి, వాళ్ళ ముఖాల ముందు గాలిని నాకి లోపలికి పోయింది.

"నేనొక వింత చెబుతాను. దాని గుట్టు మీరు విప్పాలి," అంది ఉడుము. "ఎన్నయినా అడగండి. అవును, కాదు తప్ప నేనేమీ చెప్పను. నేను కాదు అన్న ప్రతిసారీ ఈ బావి నోరు ఒక బార మూసుకుంటుంది. పూర్తిగా మూసుకుంటే మీరూ మాలో ఒకరు."

ఉడుము చెప్పిన వింత ఇది. ఒక పల్లెలో ఒకామె రోజూ అన్నం వండగానే మొదటి ముద్ద గడప బయట పెట్టేది. ఒకరోజు మరిచిపోయింది. ఆమె మరిచిపోబట్టే ఆ రోజు ఆమె కొడుకు బతికాడు.

"ఆ అన్నంలో విషం ఉంది," అన్నాడు రత్నకేతుడు వెంటనే.

"కాదు," అంది ఉడుము. పైన రాళ్ళు ఒరుసుకున్నాయి. ఆకాశం అంచు ఒకటి నల్లబడింది.

జక్కి ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఒకేసారి అడుగుకు దూకితే కాళ్ళు విరుగుతాయని, మెట్టు మెట్టుగా దిగాలని మెల్లగా చెప్పింది. తర్వాత తనే అడిగింది. ఆ ముద్దను తినే ప్రాణి ఉందా? అవును. పిట్టా? కాదు. రాళ్ళు మళ్ళీ ఒరుసుకున్నాయి. నాలుగు కాళ్ళదా? అవును. ఆ రోజు దానికి ఆకలి తీరలేదా? అవును. కొడుకు అన్నం మూట కట్టుకుని పొలానికి పోయాడా? అవును. జక్కి ముఖం విప్పారింది. ఆకలితో ఉన్న కుక్క మూట వాసన పట్టి కొడుకు వెంట పోయిందనీ, దారిలో పామో, తోడేలో వస్తే అది అడ్డం పడిందనీ చెప్పింది.

"అవును, పామే," అని ఉడుము గోడలోకి కరిగిపోయింది.

రెండో మలుపులో నాచు లాంటి జుట్టు విరబోసుకుని ఒక ముసలామె కూర్చుని ఉంది. ఆమెకు కళ్ళున్నచోట నీటి చుక్కలు మాత్రమే ఉన్నాయి. ఆమె చెప్పిన వింత ఇది. ఒక రాజుగారి వంటమనిషి కూరలో దోసెడు ఉప్పు పోసింది. రాజు ఉమ్మేసి పళ్ళెం విసిరికొట్టాడు. ఆ సాయంత్రమే ఆమె కాళ్ళకు మొక్కాడు.

ఉప్పు పొరపాటున పడిందా అని జక్కి అడిగితే కాదని జవాబు వచ్చింది. రాజుకు ఉప్పు పడని రోగం ఏమైనా ఉందా అంటే అదీ కాదు. ఆకాశం బండిచక్రమంత అయింది. ఇక్కడ జక్కికి దారి తోచలేదు. వాళ్ళింట్లో కూరలో ఉప్పు ఎక్కువైతే ఇంకొంచెం నీళ్ళు పోసుకుని తింటారు.

రత్నకేతుడు అంతఃపురంలో పెరిగినవాడు. ఈసారి ఆయన తొందరపడలేదు. రాజు ఆ కూర తినకూడదని ఆమె కోరుకుందా అని అడిగాడు. అవును. కూరలో మరొకరు ఏదో కలిపారా? అవును. వాళ్ళు ఆమె పక్కనే కత్తి పట్టుకుని నిలబడ్డారా? అవును. నోరు విప్పితే చంపుతారు కనుక ఆ వంటమనిషి ఉప్పుతోనే రాజుకు మాట చెప్పిందని ఆయన అన్నాడు. ముసలామె అవునంది. ఆమె కూర్చున్న మెట్టు మీద తడి తప్ప ఇంకేమీ మిగల్లేదు.

"మెట్టు మెట్టుగానే దిగినావే దొరా," అంది జక్కి.

అడుగున నీళ్ళు లేవు, మోకాలి లోతు బురద ఉంది. చుట్టూ గోడ గూళ్ళలో వేలకొద్దీ చిన్న కుండలు, మూతలకు మట్టి మెత్తి ఉన్నాయి. ప్రతి కుండలోనూ ఏదో గుసగుస. జక్కి ఒక కుండ దగ్గర ఆగిపోయింది. అందులో తండ్రి దగ్గు వినిపించింది. పొద్దున్నే చుట్ట కాల్చాక దగ్గే దగ్గు. అది క్షణక్షణానికీ సన్నబడుతోంది. మూత లాగితే గోళ్ళు విరిగాయి గాని మూత రాలేదు.

బురద లేచి నిలబడింది. దానికి మనిషి ఆకారం ఉంది, ముఖం లేదు.

"ఇద్దరు అన్నదమ్ములు బావి తవ్వారు," అంది అది. "తమ్ముడు అడుగున, అన్న పైన. ఒకడు తాడు నడిపించాడు, ఒకడు తవ్వాడు. ఒకరోజు తాడు తెగింది. అన్న బతికాడు. తమ్ముడికి ఆ రోజు చావు రాలేదు. అయినా నూరేళ్ళుగా ఒకడు ఏడుస్తున్నాడు. ఎందుకు?"

ఇది తన ఇంటి విద్య అనుకుంది జక్కి. తాడు పాతదా? కాదు. రాతి అంచుకు ఒరుసుకుందా? కాదు. పైనున్న అన్నే కోశాడా? కాదు. రాళ్ళు మూడుసార్లు ఒరుసుకున్నాయి. ఆకాశం చాటంత, మూకుడంత, చివరికి గుప్పెడంత అయింది. జక్కికి అడగడానికి ఇంకేమీ లేదు. తాడు తెగే దారులు ఆమెకు తెలిసినవి అంతే.

"కింద ఉన్నవాడే కోసుకున్నాడేమో," అన్నాడు రత్నకేతుడు.

"ఏ పిచ్చోడూ కోసుకోడు దొరా. మావాళ్ళు తాడును కాలితో కూడా తొక్కరు."

"మీవాళ్ళు చెయ్యరు కాబట్టే నువ్వు అడగడం లేదు. అడిగితే పోయేదేముంది?"

"ఆకాశం పోతాది," అంది జక్కి.

అయినా ఆయన అడిగాడు. చాలాసేపు బురదలో బుడగలు లేచాయి. "అవును," అంది ఆకారం. గూళ్ళలో కుండలన్నీ ఒక్కసారి అదిరాయి.

అప్పుడు జక్కికి ఆ రోజు ఎలా జరిగిందో కళ్ళకు కట్టింది. ఒక్కొక్కటే అడిగింది. అన్న తాడును నడుముకు కట్టుకున్నాడా? అవును. గోడ కూలిందా? అవును. మట్టి తమ్ముణ్ణి లాగుతుంటే పైన అన్న కూడా జారిపోతున్నాడా? అవును. అన్నను బతికించడానికి తమ్ముడు పార అంచుతో తాడు కోశాడా? అవును.

రత్నకేతుడికి ఊపిరి వచ్చింది. "అయితే గుట్టు వీడినట్టేనా?" అన్నాడు.

"కాదు."

ఆకాశం రేగుపండంత అయింది. ఇంకొక్క కాదు పడితే అదీ ఉండదు. తండ్రి కుండలో దగ్గు ఆగింది. చెవి ఆనిస్తే సన్నగా ఊపిరి మాత్రం వినిపిస్తోంది.

"మట్టి కింద తమ్ముడు బతికే ఉన్నాడా?" అని అడిగింది జక్కి. అవును. "పిలిచాడా?" అవును. "అన్నకు వినపడలా. తాడు తెగితే మనిషి పోయినట్టే అనుకుని ఇంటికి పోయినాడు. ఒక్కసారి వంగి అడగలా."

"అవును," అంది ఆకారం. ఆ ఒక్క మాట వెయ్యి గొంతులతో వచ్చింది.

"ఆ తమ్ముడు నువ్వే."

"అవును."

కుండలు అదిరాయి గాని మూతలు ఊడలేదు. ఇంక అడగవద్దని, గుట్టు తేలింది కనుక గొంతులు ఇమ్మని ఆజ్ఞాపిద్దామని రత్నకేతుడు ఆమె చెవిలో చెప్పాడు. జక్కి తల అడ్డంగా తిప్పింది. వినిపించుకోవడానికి ఒక్క మనిషి లేక ఊరందరి మాటలూ లాక్కున్నవాడు ఆజ్ఞకు లొంగుతాడా? ఆమె భుజాన ఉన్న తాడు విప్పింది. ఒక కొస తన చేతికి చుట్టుకుంది, రెండో కొస బురదలోకి వదిలింది.

"చిన్నాయనా," అంది. "పైకి వస్తావా?"

ఆకారం కూలి బురదలో కలిసిపోయింది. కుండల్లో గుసగుస ఆగింది. తండ్రి కుండలో ఊపిరి కూడా ఆగింది. రత్నకేతుడు పైకి చూస్తూ రాయిలా నిలబడ్డాడు.

తాడు ఒకసారి బిగిసింది.

జక్కి రెండో లాగుడు కోసం చూసింది. కళ్ళు మూసుకుని, మనసులో పది వరకూ లెక్కపెట్టింది. ఇరవై వరకూ లెక్కపెట్టింది. తాడు మళ్ళీ కదల్లేదు.

"లాగు దొరా," అంది. ఇద్దరూ కలిసి లాగారు. బురద లోంచి తాడు కొసన మనిషి ఎముకలు వచ్చాయి. వాటి వేళ్ళు తాడును గట్టిగా పట్టుకుని ఉన్నాయి. అప్పుడు మూతలన్నీ ఒక్క పెట్టున పగిలాయి. వేల గొంతులు, పిలుపులు, తిట్లు, జోలపాటలు, కోడి కూతలు గాలిదుమారంలా పైకి లేచి బావి నోటిని బద్దలు కొట్టుకుని పోయాయి. రాజకుమారుడు పట్టు ఉత్తరీయం పరిచి ఎముకలను దాంట్లో మూటగట్టాడు. వాళ్ళు పైకి వచ్చేసరికి తొలకరి మొదలైంది. దారి పొడవునా వాన మనుషుల మీదే కురిసింది. ఒక్కరూ మట్టి కాలేదు.

ఓబులు వాకిట్లో తడుస్తూ నిలబడి ఉన్నాడు. కూతురు జరిగిందంతా చెప్పింది. ఆయన నోటి నుంచి మొదటి మాట వచ్చింది.

"మీరు కిందికి దిగితే పైన తాడు ఎవరు పట్టినారే?"

"ఎవరూ లేరు నాయనా. ఇద్దరం దిగినాం."

ఓబులు రాజకుమారుడి వైపు తిరిగాడు. "ఇద్దరూ దిగినారా? అంత పెద్ద కొలువు నడిపే ఇంట్లో పుట్టినావు, ఆ మాత్రం తెలియదా దొరా?" అన్నాడు. రత్నకేతుడు తల వంచుకుని, తప్పయిందని ఒప్పుకున్నాడు. తర్వాత ఓబులు కూతురిని దగ్గరికి లాక్కున్నాడు.

ఆ తమ్ముడికి రాజకుటుంబమే దగ్గరుండి కర్మకాండ జరిపించింది. కొన్నేళ్ళకు రత్నకేతుడు రాజయ్యాడు. జక్కిని పెళ్ళాడతానని ఓబులు గడప తొక్కితే, ముందు నా కూతురినే అడుగు, అవునో కాదో అదే చెబుతుంది అన్నాడాయన. ఆమె అవునంది. ఆమె రాణి అయ్యాక కందరగిరి కొలువులో, నేరం మోపబడిన మనిషిని అడగవలసినవన్నీ అడగకుండా శిక్ష వేసింది లేదు.

ఆ దేశంలో బావి తవ్వేవాళ్ళు ఇప్పటికీ ఒక పని చేస్తారట. సాయంత్రం అందరూ పైకి వచ్చేశాక, అందరూ వచ్చారని తెలిసి కూడా, ఒకరు ఖాళీ బావిలోకి వంగి, "ఇంకా ఎవరన్నా ఉన్నారా?" అని అడుగుతారు. కాసేపు చెవి పెట్టి విని, జవాబు రాకపోతేనే తాడు చుట్టుకుని ఇంటికి పోతారు.