రెండోసారి అడగలేదు

మొదటి వాయ ఇడ్లీలు దించగానే ఎలిజబెత్ నాలుగు తన పళ్ళెంలో పెట్టుకుంది. పల్లీ చట్నీ వేసుకుని, వంటింట్లో స్టూలు మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. ఎల్బీనగర్ చౌరస్తా వైపు నుంచి బస్సుల హారన్లు అప్పటికే వినిపిస్తున్నాయి. భర్త ఆనంద్ కుమార్ స్నానానికి వెళ్ళాడు. ఇంటర్ రెండో ఏడాది చదువుతున్న కూతురు సింధు హాల్లో బ్యాగు సర్దుకుంటోంది.

అత్త మల్లమ్మ గుమ్మంలో నిలబడి, కోడలు ఒక ఇడ్లీ పూర్తి చేసేదాకా చూసింది.

"ఏందే, మొగడు తానం చేసి రాకముందే తింటున్నవా?"

"ఆకలైంది అత్తమ్మా."

"గిన్నేండ్లల్ల ఎన్నడన్న అయిందా నీకు ఆకలి?"

"రోజూ అయింది. చెప్పలే."

"ఓహో! విమానం ఎక్కొచ్చినంక నోరు లేచింది." మల్లమ్మ కొడుకు వినాలని గొంతు పెంచింది. "గా దేశంల జొన్న గట్కనే తింటరంట. మా ఊర్ల తిననా నేను? గట్క తినేటందుకు గంత దూరం పోవాల్నా?"

ఎలిజబెత్ రెండో ఇడ్లీ తుంచింది. పళ్ళెం పక్కన పెట్టలేదు. కిందటి జనవరిలో ఆమె బోట్స్‌వానా వెళ్ళింది. అక్కడ ఒక చిన్న పట్టణంలోని ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతోంది. డిసెంబరు సెలవులకు ఇంటికి వచ్చింది. వచ్చే ఏడాదికి వస్తున్నావా లేదా, ఈ సాయంత్రంలోగా చెప్పమని హెడ్‌మిస్ట్రెస్ అడిగింది. వచ్చినప్పటి నుంచీ ఆ మాట ఎత్తితే ఆనంద్ "నీ ఇష్టం" అంటున్నాడు. అనేటప్పుడు ఆమె వైపు చూడడం లేదు.

ఆనంద్ తల తుడుచుకుంటూ వచ్చాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో అతను క్యాషియరు.

"తిననీయే అమ్మా. ఆమె ఇప్పుడు ఫారిన్ టీచర్. అక్కడి పద్ధతులు వేరే."

అప్పుడు ఎలిజబెత్ పళ్ళెం కింద పెట్టింది.

"అక్కడి పద్ధతి ఏందో చెప్త, వింటరా?"

"ఏడాదంత ఫోన్ల విన్నం కదా. 'మంచిగున్న, తిన్న.' ఇంకేముంది?" అన్నాడు ఆనంద్.

"తిన్న అని చెప్పిన మొదటి వారం నేను తినలే."

సింధు బ్యాగు జిప్పు లాగడం ఆపి ఇటు చూసింది.

"మధ్యాహ్నం టీచర్లందరికీ ఒక్క దగ్గరే భోజనం. నలేడి అని నాతో పనిచేసేటామె, మొదటి రోజు గరిటె పట్టుకుని 'పెట్టనా' అన్నది. 'వద్దు' అన్న. కొత్త జాగ కదా. ఇంకోసారి అడుగుతది, అప్పుడు తీసుకుందామని కూర్చున్న. ఆమె సరే అని గిన్నెకు మూత పెట్టింది."

"గట్లెట్ల పెడ్తది మూత?" మల్లమ్మకు నిజంగానే కోపం వచ్చింది. "మనిషేనా ఆమె?"

"మనిషే అత్తమ్మా. నేను వద్దన్న కదా. నా మాట నమ్మింది."

మర్నాడూ అంతే జరిగింది. ఎలిజబెత్ వద్దంది, నలేడి సరేనంది. ఎలిజబెత్ ఇంకా పొయ్యి లేని తన గదికి వచ్చి బిస్కెట్లు తిని పడుకుంది. ఇంట్లో ఎవరైనా వద్దంటే మళ్ళీ అడగాలి, బతిమాలాలి, కసిరి పెట్టాలి. ఆ కసురు కోసం ఆమె రోజూ ఆకలితో ఎదురుచూసింది. అక్కడ పొద్దున ఎదురైన ప్రతివాళ్ళనీ నిలబడి పలకరించాలి. అలా పలకరించకుండా సుద్దముక్క అడిగితే ఆఫీసులో ఎవరూ తల ఎత్తేవారు కాదు. అంత మర్యాద ఉన్నవాళ్ళు తనకు అన్నం ఎందుకు పెట్టరని గింజుకుంది. వారం తిరగకముందే బోర్డు దగ్గర కళ్ళు తిరిగి పడిపోయింది.

"సంగతి తెలిసి నలేడి నన్ను ఎట్ల తిట్టిందో తెలుసా? 'వద్దని చెప్పి ఆకలితో కూర్చుంటవా? నన్ను చెడ్డదాన్ని చేస్తవా?' అన్నది. ఆ రోజు నుంచి కావాలంటే కావాలంటున్న, వద్దంటే వద్దంటున్న. అది పూర్తిగ అలవాటయ్యేసరికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడికి వస్తే ఇడ్లీ తిన్నందుకు పంచాయితీ!"

"అంటే మేమందరం అబద్ధాలోళ్ళం, నువ్వొక్కదానివే సాఫ్ మనిషివి," అన్నాడు ఆనంద్.

"నేను సాఫ్‌గనే అడుగుతున్న. పోవాల్నా, వద్దా?"

"నీ ఇష్టమన్న కదా."

"అది జవాబు కాదు! పోయినేడు గూడ గట్లనే 'పో, నాకేంది' అన్నరు. పోయిన. ఏడాదంత ఫోన్ చేస్తే మూతి ముడుచుకున్నరు. ఏం తప్పు చేసిన నేను?"

"పో అంటే పోతవని ఎవరనుకున్నరు!" ఆనంద్ తువాలు కుర్చీ మీదికి విసిరాడు. "ఇన్నేండ్ల కాపురం చేసిన పెండ్లానికి గంత మాత్రం తెల్వదా? దుకాణంల పోరగాళ్ళు 'అన్నా, వదిన పైసలు పంపిందా' అని నవ్వుతరు. సిలిండర్ బుక్ చేస్తే ఓటీపీ నంబరు నీ ఫోనుకే వస్తది. నువ్వేమో క్లాసుల ఉంటవ్. వాడు గేటు దాకా తెచ్చిన సిలిండర్ తిరిగి తీస్కపోయిండు!"

"ఫోన్ నంబరు మార్పించుకోమని ఎన్నిసార్లు చెప్పిన?"

"మారిస్తే..." ఆనంద్ ఆగాడు. గొంతు తగ్గింది. "మారిస్తే ఇగ నువ్వు రానట్టే కదా."

మల్లమ్మ కొడుకు ముఖం వైపు చూసి తల దించుకుంది. ఎలిజబెత్‌కు మాత్రం కోపం దిగలేదు. ఏడాది పాటు దాచుకున్న కోపం అది.

"ఆ ముక్క ఫోన్ల చెప్తే నోరు అరిగిపోతుండెనా? ఈ ఇంట్ల నాతోని సీదా మాట్లాడింది నా బిడ్డ ఒక్కతే. 'పో మమ్మీ' అన్నది. ఆ ఒక్క మాట పట్టుకునే నేను ఏడాది బతికిన."

హాల్లో బ్యాగు దబ్బున కింద పడింది.

"నా పేరు తీయకు మమ్మీ!"

సింధు అలా అరవగలదని ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు.

"నువ్వు ఎప్పుడడిగినవ్ నన్ను? సూట్‌కేస్ కొన్నంక అడిగినవ్. దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద, సూట్‌కేస్ చేతుల పట్టుకుని 'నేను పోనా సింధూ' అన్నవ్. 'పో' అన్న. ఏడుపొస్తుందని అటు తిరిగి అన్న. ఇంకోసారి అడుగుతవనుకున్న. నువ్వు ఆటోను పిలిచినవ్!"



ఆ సాయంత్రం ఎలిజబెత్‌కు బాగా గుర్తుంది. సింధు అటు తిరగడం ఆమె చూసింది. ఆ మెడ బిగుసుకుపోవడం చూసింది. ఇంకొక్కసారి అడిగితే జవాబు మారుతుందని ఆ క్షణంలోనే అర్థమైంది. అర్థమయ్యే, చెయ్యెత్తి ఆటోను ఆపింది. వద్దంటున్న మనిషి ఆకలితో ఉందని నలేడికి తెలియదు. సింధు మనసు తనకు తెలుసు.

ఎలిజబెత్ వచ్చి సింధు ముందు నేల మీద కూర్చుంది. కళ్ళనీళ్ళు చెంపల మీదికి జారుతున్నా తుడుచుకోలేదు.

"నువ్వు వద్దంటవని తెలిసే అడగలే బిడ్డా. ఇప్పుడు అడుగుతున్న. నేను పోనా?"

"వద్దు," అంది సింధు. ఒక్క క్షణం కూడా ఆగలేదు. "మార్చిల పరీక్షలు. తెల్లారక ముందే లేస్తే ఈ ఇంట్ల లైటు నేనే వేసుకోవాలె. భయమైతది మమ్మీ. వద్దు."

ఎలిజబెత్ తల ఊపింది. తర్వాత చెప్పిన మాట ఆ ఇంట్లో ఆమె ఎన్నడూ అననిది.

"నాకు పోవాలనుంది. నీ చదువు కోసమే పోయిన అని అందరికీ చెప్పిన. అబద్ధం కాదు. కానీ అక్కడి క్లాసు నాకు నచ్చింది. అర్థం కాకపోతే పిల్లలు అర్థం కాలేదని మొహం మీదనే చెప్తరు. మళ్ళా మొదటి నుంచి చెప్త. టీచరంటే ఇది కదా అనిపించింది. అది మీ ఎవరికీ చెప్పలే."

 మల్లమ్మ గోడ పట్టుకుని మెల్లగా కుర్చీలో కూర్చుంది.

"నాకు మోకాళ్ళు లేస్తలేవు," అంది ఎవరి వైపూ చూడకుండా. "నిలబడి వంట చెయ్యాలంటే పానం పోతది. కోడలు అంత దూరం నుంచి పైసలు పంపవట్టె, ఎట్ల చెప్పాలె? అందుకే తిట్టిన."

"అమ్మా, దవాఖానకు పోదామంటే ఏం లేదంటివి కదా!" అన్నాడు ఆనంద్.

"నువ్వు మళ్ళా అడిగినవా?" అంది మల్లమ్మ. అన్నాక తనకే నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది.

ఎలిజబెత్ ఫోను తీసింది. హెడ్‌మిస్ట్రెస్‌కు రాసి, పంపకముందు అందరికీ వినిపించింది. మార్చిలో నా కూతురి పరీక్షలు. అవి అయ్యాక మే నెలలో రెండో టర్ముకు వస్తాను. మీకు కుదరకపోతే ఈ ఉద్యోగం వదులుకుంటాను.

"నిజంగ వదులుకుంటవా?" అని అడిగింది సింధు.

"వదులుకుంట. ఏడుస్తనే వదులుకుంట. నీకు అది గూడ తెలవాలె."

సింధు తల్లి భుజానికి నుదురు ఆనించింది. "పరీక్షలైనంక పో మమ్మీ," అంది. ఎలిజబెత్ ఆమె గడ్డం పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది.

"నిజమేనా?"

"నిజం. అప్పుడు గూడ ఏడుస్త. అయినా నిజం."

ఎలిజబెత్ భర్త వైపు చూసింది. ఆనంద్ చాలాసేపు నేల చూపులు చూశాడు. తర్వాత తల ఎత్తాడు. ఆమె వచ్చాక కళ్ళలోకి చూడడం అదే మొదటిసారి.

"నాకిష్టం లేదు," అన్నాడు. "మే నెలల గూడ ఇష్టం ఉండదు."

"సరే."

"అయినా ఆ మెసేజ్ పంపు."

ఎలిజబెత్ పంపింది.